‘ఇది వేసుకోను’ అంటే ఏమని అర్థం?

డైరీలో ‘శనివారం కలర్ డ్రెస్’ అని రాసి పంపిన సాయంత్రం చాలా ఇళ్లలో ఒకటే దృశ్యం. బీరువా తలుపులు బార్లా తెరిచి ఉంటాయి. మంచం మీద బట్టల కుప్ప. దాని పక్కన ఆరో ఏడో తరగతి చదివే అమ్మాయి మూతి ముడుచుకుని కూర్చుంటుంది. ‘నాకు ఒక్క డ్రెస్ కూడా లేదు’ అంటుంది. వంటింట్లోంచి వచ్చిన అమ్మకి ఆ కుప్ప చూడగానే ఒళ్లు మండుతుంది. ‘మొన్న దసరాకి కొన్నది ఒక్కసారే కదా వేసుకున్నావ్! దానికేమొచ్చింది?’ ‘అది వేసుకోను.’ ‘ఎందుకు?’ ‘ఊరికే.’

ఈ ‘ఊరికే’ దగ్గరే మనం ఆగిపోతాం. పొగరనుకుంటాం, ఫోన్ చూసి నేర్చుకున్న ఫ్యాషన్ అనుకుంటాం, స్నేహితుల ప్రభావం అనుకుంటాం. కొన్నిసార్లు అదే కావచ్చు కూడా. కానీ ఇన్నేళ్లుగా ఈ వయసు పిల్లల మధ్య ఉన్నదాన్ని కాబట్టి చెబుతున్నాను. పది నుంచి పదమూడేళ్ల పిల్లలు ఒక డ్రెస్ వద్దన్నారంటే దాని వెనక సాధారణంగా ఒక కారణం ఉంటుంది. దాన్ని చెప్పడానికి వాళ్ల దగ్గర మాటలుండవు, లేదా సిగ్గుగా ఉంటుంది. కొత్త బట్టలు కొనే ముందు ఆ కారణం తెలుసుకుంటే డబ్బూ మిగులుతుంది, గొడవా తగ్గుతుంది.

పెరుగుతున్న ఒళ్లు

ఈ వయసులో శరీరం ఎంత తొందరగా మారుతుందో మనం తక్కువ అంచనా వేస్తాం. ఆడపిల్లల్లో ఎత్తు వేగంగా పెరిగే దశ సాధారణంగా పదకొండు పన్నెండేళ్ల దగ్గర వస్తుంది. ఆ ఏడాదిలో సుమారు 8 సెంటీమీటర్లు పెరగొచ్చు. మగపిల్లల్లో ఇది దాదాపు రెండేళ్లు ఆలస్యంగా వస్తుంది, 9 సెంటీమీటర్ల దాకా పెరగొచ్చు. అందుకే ఏడో తరగతి గ్రూప్ ఫొటోలో అమ్మాయిలు అక్కల్లా, అబ్బాయిలు తమ్ముళ్లలా కనిపిస్తారు. పైగా ఒళ్లంతా ఒకేసారి పెరగదు. ముందు పాదాలు, చేతులు సాగుతాయి, తర్వాత కాళ్లు, ఆ తర్వాతే నడుము పైభాగం. జూన్‌లో కొన్న బూట్లు సంక్రాంతికి బిగుసుకుపోయాయంటే బూట్ల తప్పు కాదు, పిల్లల తప్పు అసలే కాదు.

చంకల్లో ఉండే ఒక రకం చెమట గ్రంథులు కూడా ఈ వయసులోనే పని మొదలుపెడతాయి. నిన్నటి దాకా ఎంత ఆడినా రాని చెమట వాసన ఇప్పుడు వస్తుంది. పాలిస్టర్ బట్ట ఆ వాసనను కాటన్ కంటే ఎక్కువగా పట్టి ఉంచుతుంది. క్రికెట్ జెర్సీని నాలుగు రోజులు ఒంటి మీద నుంచి తియ్యని అబ్బాయిల ఇళ్లలో ఈ సంగతి నేను చెప్పక్కర్లేదు. జెర్సీ మాన్పించడానికి యుద్ధం చెయ్యకండి. అలాంటిదే ఇంకోటి కొని, ‘ఒకటి ఒంటి మీద, ఒకటి దండెం మీద’ అని నియమం పెట్టండి.

ఏప్రిల్‌లో జర్కిన్

ఒక ఏడాది మా తరగతిలో ఒక అమ్మాయి ఎండలు ముదిరాక కూడా జర్కిన్ తియ్యలేదు. మేం టీచర్లం రెండుమూడుసార్లు ‘స్టైల్ కాదమ్మా, ఉడికిపోతావు’ అన్నాం. నవ్వి ఊరుకునేది. వాళ్లమ్మగారు పీటీఎంకి వచ్చినప్పుడు అదే చెప్పాం. ఆవిడా విసుక్కున్నారు. ‘ఇంట్లో కూడా అంతే మేడమ్, చెబితే వినదు’ అన్నారు. తర్వాత ఒకరోజు స్టాఫ్ రూమ్ బయట ఆ పిల్లే నెమ్మదిగా అంది: ‘మేడమ్, షర్టులోంచి కనిపిస్తోంది.’

అంతే సంగతి. ఆ అమ్మాయికి లోపల వేసుకోవడానికి ఒక మంచి స్లిప్ కావాలి. అడగడానికి సిగ్గు. అమ్మకి ఇంకా ఆ ఆలోచన రాలేదు, ఎందుకంటే అమ్మ కళ్లకి ఆ పిల్ల ఇంకా చిన్నదే. నెలల తరబడి మేమందరం ‘స్టైల్’ అని పేరు పెట్టింది నిజానికి ఒక చిన్న కాటన్ బట్ట కొరత. నాకు ఇప్పటికీ ఆ మాట గుర్తొస్తే తలవంపుగానే ఉంటుంది. మొదట అడగాల్సింది నేనే.

కాబట్టి ఆడపిల్లల వార్డ్‌రోబ్ మార్చాలంటే మొదలుపెట్టాల్సింది పైబట్టలతో కాదు. మెత్తటి కాటన్ స్లిప్పులు, ఈ వయసుకని అమ్మే బిగినర్స్ బ్రాలు మూడు నాలుగు తెచ్చి, పెద్ద ఉపన్యాసం లేకుండా అల్మరాలో పెట్టండి. ‘ఇవి ఇక్కడున్నాయి నాన్నా, నీకు ఎప్పుడు కావాలనిపిస్తే అప్పుడు వేసుకో’ అంటే చాలు. నెలసరి మొదలైనవాళ్లకి, ఇవాళో రేపో మొదలవుతుందని భయపడేవాళ్లకి లేతరంగు ప్యాంట్లంటే బెరుకు. ఆ రోజుల్లో వేసుకోవడానికి ముదురు రంగు లెగ్గింగ్‌లు రెండు విడిగా ఉంచండి. బడి బ్యాగులో ఒక ప్యాడ్, ఒక జత లోదుస్తులు చిన్న సంచిలో ఉంటే ఆ పిల్ల తెల్ల యూనిఫాం రోజున కూడా నిశ్చింతగా కూర్చుంటుంది.

మూడు కుప్పలు

ఒక ఆదివారం మధ్యాహ్నం ఒక గంట కేటాయించండి. అల్మరాలోని బట్టలన్నీ మంచం మీద పోసి, వాటిని మూడు కుప్పలు చెయ్యడం పిల్లలకే వదిలెయ్యండి. సరిపోయేవి, ఇష్టమైనవి ఒక కుప్ప. సరిపోనివి ఒక కుప్ప. సరిపోతాయి కానీ వేసుకోనివి మూడో కుప్ప.

మొదటి రెండింటితో పెద్ద పని లేదు. సరిపోనివాటిని ఉతికి, ఇస్త్రీ చేసి ఎవరికైనా ఇవ్వొచ్చు. అసలు పాఠం మూడో కుప్పలో ఉంది. ఒక్కోటీ చేతిలోకి తీసుకుని ‘ఎందుకు వేసుకోవు?’ అని మాత్రం అడగొద్దు. అది పోలీసు ప్రశ్నలా ఉంటుంది, జవాబు ‘ఊరికే’ అనే వస్తుంది. ‘దీంతో ఎక్కడ ఇబ్బంది?’ అని అడగండి. వేలు పెట్టి చూపిస్తారు. మెడ దగ్గర లేబుల్ గుచ్చుకుంటుంది. జరీ చంక కింద గీరుకుంటుంది. లెహంగా లోపలి కాన్‌కాన్ నెట్ తొడలకి దురద పెడుతుంది. కూర్చుంటే ప్యాంటు నడుం దగ్గర కోస్తుంది. చెయ్యెత్తితే టాప్ పైకి లేస్తుంది. బొమ్మ చూసి బస్సులో సీనియర్లు నవ్వారు.

వీటిలో సగం దర్జీ దగ్గర వంద రూపాయల లోపు తీరిపోయే సమస్యలు. లేబుల్ విప్పొచ్చు, జరీ కింద మెత్తటి కాటన్ గుడ్డ వేయించొచ్చు, కాన్‌కాన్ తీయించెయ్యొచ్చు. బస్సులో నవ్విన సంగతి మాత్రం దర్జీ పని కాదు. అది మీరు కూర్చుని వినాల్సిన సంగతి, అవసరమైతే మాకు చెప్పాల్సిన సంగతి. ఒక టీ షర్టు వల్ల బయటపడ్డ ఏడిపింపులు మా అనుభవంలో ఉన్నాయి.

మగపిల్లల విషయంలో ఈ కుప్పలు అక్కర్లేదనుకునే ఇళ్లు ఎక్కువ. ‘వాడికేం, రెండు టీ షర్టులు పడేస్తే చాలు’ అంటారు. కానీ ఆరో తరగతి అబ్బాయికి కూడా నిక్కరు ఎప్పుడు మానాలి, కాస్త పొట్ట ఉంటే టక్ చేసుకోవాలా వద్దా, గులాబీ రంగు చొక్కా అంటే ఇష్టమని చెబితే అన్నయ్యలు నవ్వుతారా అన్న లెక్కలు లోపల నడుస్తూనే ఉంటాయి. వాళ్లు ఇంకా తక్కువ చెబుతారు, అంతే.

షాపులో

వెళ్లే ముందే హద్దులు మాట్లాడుకోండి. షాపులో సేల్స్‌మన్ ముందు మాట్లాడుకునేవి కావు అవి. మా ఇంట్లో నేను పాటించే పంపకం ఇది: ఎంత డబ్బు, ఏ సందర్భానికి, ఎన్ని జతలు అన్నది నా నిర్ణయం. రంగు, బొమ్మ, కోత, బిగుతుగానా వదులుగానా అన్నది పిల్లల నిర్ణయం. నాకు నచ్చకపోయినా సరే. నా కళ్లకి నల్ల రంగు టీ షర్టులు నాలుగూ ఒకేలా ఉంటాయి. వేసుకునేవాళ్లకి నాలుగూ వేరు.

ఒక విషయంలో మాత్రం నేను పక్కా. టీ షర్టు మీద ఇంగ్లిష్‌లో ఏం రాసుందో ఇద్దరం పైకి చదువుతాం. అర్థం తెలియని మాట ఉంటే ఫోన్‌లో చూస్తాం. అమ్మమ్మకి తెలుగులో చెప్పలేని మాట గుండెల మీద మోయక్కర్లేదు. అలాగే బండి మీద వెళ్లేటప్పుడు వేలాడే చున్నీ వద్దు, అది చక్రంలో చుట్టుకుంటుంది. గుడికి, పరామర్శకి వెళ్లే బట్టలు వేరే ఉండాలి. ఇవి తప్ప మిగతావాటిలో ‘జనం ఏమనుకుంటారు’ అన్న మాట మనం ఎంత తక్కువ వాడితే అంత మంచిది.

సైజుల దగ్గర జాగ్రత్త. లేబుల్ మీద ‘11-12 ఏళ్లు’ అని ఉన్నా కంపెనీకో కొలత. చాలా లేబుళ్ల మీద ఎత్తు సెంటీమీటర్లలో కూడా ఉంటుంది, దాన్ని నమ్మడం మేలు. ఆన్‌లైన్లో కొనేటప్పుడు ఇంట్లో బాగా సరిపోతున్న చొక్కాని నేల మీద పరిచి టేపుతో కొలిచి, ఆ కొలతలతో పోల్చండి. దర్జీకి ఆది ఇచ్చినట్టే ఇది. ‘రెండేళ్లు రావాలి’ అని రెండు సైజులు పెద్దవి కొనే అలవాటు మనందరికీ ఉంది. పొడవు ఎక్కువైతే లోపలికి మడిచి కుట్టించొచ్చు, పక్కల కుట్టు వదిలించొచ్చు. భుజాలు జారితే మాత్రం దాన్ని సరిచెయ్యడం కష్టం, ఆ చొక్కాలో పిల్లాడు అద్దెకున్నట్టుంటాడు. భుజాలు ఇప్పటి సైజు, పొడవు వచ్చే ఏడాది సైజు చూసుకోండి. బూట్లు సాయంత్రం కొనండి, అప్పటికి పాదాలు కాస్త ఉబ్బి ఉంటాయి. పెద్దవేలి ముందు బొటనవేలంత ఖాళీ ఉండాలి. మన దగ్గర పిల్లల బూట్ల సైజులు 13తో అయిపోయి మళ్లీ 1 నుంచి మొదలవుతాయి. ‘నా సైజు తగ్గిందేంటి’ అని పిల్లలు కంగారుపడతారు, ముందే చెప్పండి.

ట్రయల్ రూమ్ బయట నిలబడినప్పుడు ఒక మాట విషయంలో నాలుకని అదుపులో పెట్టుకోవాలి. జిప్పు పడకపోతే ‘లావయ్యావు’ అనకండి. ‘ఈ డ్రెస్ చిన్నది, ఇంకోటి చూద్దాం’ అనండి. చిన్నది డ్రెస్. పిల్లకి లోపమేమీ లేదు. పక్కనున్న అత్తయ్యో పిన్నో ఆ మాట అంటే కూడా మీరే అందుకుని ఇలా మార్చండి.

డబ్బు పిల్లల చేతికి

పండక్కి మూడు వేలు అనుకున్నారనుకోండి, ఆ సంగతి పిల్లలకి చెప్పెయ్యండి. రెండు వేల నాలుగు వందల బూట్లు కావాలంటే కొననివ్వండి, మిగిలిన ఆరు వందల్లోనే డ్రెస్ రావాలి. మధ్యలో జాలిపడి ఇంకో వెయ్యి వెయ్యకండి. ఏడో తరగతి లెక్కల్లో శాతాలున్నాయి, బిల్లు వాళ్లనే చదవమనండి. 2025 సెప్టెంబరు 22 నుంచి ఒక్కో వస్త్రం ధర రెండున్నర వేల లోపైతే జీఎస్టీ 5 శాతం, దాటితే 18 శాతం. ‘డిస్కౌంట్ 40 శాతం’ అన్న బోర్డు కింద అసలు ధర ఎంతో లెక్కగట్టిన పిల్లలు తర్వాత ఆ బోర్డుల్ని వేరేగా చూస్తారు.

పండగ బట్టలు

పెద్ద తగాదా ఇక్కడే. నానమ్మకి పట్టు లంగా కావాలి. మనవరాలికి ప్యాంటూ చొక్కా కావాలి. ఇద్దరి మధ్యా కోడలు నలుగుతుంది. ఒక తల్లి దీన్ని ఎలా దాటారో చెబుతాను. తన పాత గద్వాల చీర అమ్మాయి ముందు పెట్టి ‘దీంతో నువ్వు వేసుకునేది ఏదైనా కుట్టిద్దాం, ఏం కావాలి?’ అని అడిగారట. ఆ పిల్ల పొడుగు చేతుల షర్టు లాంటి కుర్తా బొమ్మ గీసి, అంచు కాలర్‌కీ చేతులకీ రావాలంది. కింద మామూలు నల్ల ప్యాంటు. నానమ్మగారు మొదట పెదవి విరిచి, తర్వాత అందరికీ తనే చూపించారట. మంగళగిరి కాటన్, పోచంపల్లి ఇక్కత్ లాంటివి ఇలాంటి కోతలకి బాగా కుదురుతాయి. ఆ ఇక్కత్ గళ్లు, గీతలు ఈ వయసు అబ్బాయిల చొక్కాలకి కూడా నప్పుతాయి.

ఓణీల ఫంక్షన్, పంచెల ఫంక్షన్ అనుకుంటున్న ఇళ్లవాళ్లకి ఒక్క మనవి. హాలు మాట్లాడక ముందే పిల్లల్ని అడగండి. రెండొందల మంది ముందు ఆ బట్టల్లో నిలబడేది వాళ్లు. ‘చిన్నగా, ఇంట్లో చేసుకుందాం’ అని వాళ్లంటే ఆ మాటకి విలువ ఇవ్వండి.

మూడు కుప్పల పని ఈ నెలలో చేసి చూడండి. అయ్యాక ఒక కాగితం మీద పిల్లల చేతే ఇవాళ్టి తేదీ, ఎత్తు, బూట్ల సైజు, ఇంకా ఏమేం కావాలో రాయించి అల్మరా తలుపు లోపలి వైపు అంటించండి. ఆరు నెలలకి మళ్లీ కొలవండి. మూడో కుప్పలో మీకు ఏం దొరికిందో వచ్చే పీటీఎంలో చెబితే వింటాను.