పాఠం: కబురు

పిల్లలూ, జూన్ నాలుగో వారాంతంలో అమెరికాలో కొన్ని పార్కులకు వెళ్తే, ఆర్వీ బండ్ల దగ్గర్నుంచి చెట్లకు తీగలు కట్టి కనిపిస్తాయి. అవి హామ్ రేడియో యాంటెన్నాలు. ఆ కార్యక్రమం పేరు ‘ఫీల్డ్ డే’. 1933లో మొదలైంది. కరెంటు లైను లేకుండా బ్యాటరీలు, జనరేటర్లు, సోలార్ ప్యానెళ్లతో 24 గంటలపాటు దూరదూరాల వాళ్లతో మాట్లాడతారు.

ఇదంతా సరదాకేనా? కాదు, సాధన కూడా! 2017లో మరియా తుఫానుకి ప్యూర్టోరికోలో ఫోన్లు మూగబోయాయి. అప్పుడు “మేం క్షేమం” అన్న కబురు బంధువులకు చేరడానికి హామ్ రేడియో వాళ్లు సాయపడ్డారు.

కొత్త మాట: కబురు – ఒకరికి పంపే సమాచారం. “అమ్మమ్మకి కబురు పెట్టు.” (‘కబుర్లు చెప్పుకోవడం’ వేరు: అది సరదా మాటలు.)

మీ వంతు: ఫోన్లు లేవనుకోండి. ఎక్కడున్నారు, ఎలా ఉన్నారు, ఏం కావాలి? పది మాటల్లో అమ్మమ్మకి కబురు రాసి, పైకి చదవండి.