కొండ చరియ నుంచి గోపురానికి



అడవి పక్షి పట్టణంలో గూడు పెట్టిందంటే, "పాపం, అడవి కరువై వచ్చింది" అంటాం. అది సగం నిజమే. మిగతా సగం తెలుసుకోవడానికి ఈ వారం బైరి డేగను పరిశీలిద్దాం.

బైరి పుల్లలతో గూడు అల్లదు. నిటారైన కొండ చరియల అరల్లో మట్టిని, గులకను ఒత్తి చిన్న గుంట చేసి, అందులో 3, 4 గుడ్లు పెడుతుంది. ఎత్తయిన చోటు, ఎదుట ఖాళీ ఆకాశం, ఎగిరే ఎర - ఇవే దానికి కావలసినవి. మహానగరంలోని మేడ దాని కంటికి కొండ చరియే. పావురాలకా కొదవ లేదు. 1983లో న్యూయార్కు నగరపు పెద్ద వంతెనల మీద బైరులు గూడు పెట్టాయి. ఇంగ్లాండులోని డెర్బీ ప్రధాన దేవాలయ గోపురం మీద 2006లో గులకరాళ్లు పరచిన అరను అమర్చగా, ఒక జంట అక్కడే కాపురం పెట్టింది.

అయితే అంతకు ముందు ఈ పక్షి అంతరించే దాకా వచ్చిందని మరువరాదు. పొలాల్లో చల్లిన డి.డి.టి. పురుగుల నుంచి చిన్న పక్షులకు, వాటి నుంచి బైరికి చేరి గుడ్డు పెంకును పలచబరచింది. పొదిగే తల్లి బరువుకే గుడ్లు పగిలాయి. 1960ల మధ్యనాటికి అమెరికా తూర్పు భాగంలో గూడు పెట్టే జంటే మిగలలేదు. 1972లో అక్కడ ఆ మందును నిషేధించారు. పిల్లలను పెంచి వదిలారు. 1999లో ఆపదలో ఉన్న జాతుల జాబితా నుంచి బైరి పేరు తీసివేశారు. అంటే, మేడలు దొరికినంత మాత్రాన బైరి బతకలేదు. మనిషి తన తప్పు దిద్దుకున్నాడు గనుక బతికింది.

మరొకటి గమనించండి. బైరి తన స్వభావాన్ని మార్చుకోలేదు. దానికి కావలసినది వేరే రూపంలో దొరికింది. దొరకని పక్షి మాటేమిటి? మన పిచ్చుకనే చూడండి. పెంకుటింటి దూలాల సందుల్లో, గోడకు తగిలించిన పటం వెనుక కాపురం చేసేది. తాను గింజలు తిన్నా, పిల్లల నోట పెట్టేది పురుగులనే. సందులేని స్లాబు ఇంట్లో, సిమెంటు పరచిన పెరట్లో అది దేనికి అలవాటు పడాలి? "కాలానికి తగ్గట్టు మారాలి" అని బలహీనునికి చెప్పడం సులభం. మారేందుకు చోటు మిగిల్చామా అన్నదే అసలు ప్రశ్న.

ఈసారి ఇంటికి రంగులు వేయించేటప్పుడు, "ఈ కన్నం పూడ్చేయమంటారా అండీ?" అని మేస్త్రి అడిగితే, ఒక్క క్షణం ఆగి లోపలికి తొంగి చూడండి. గడ్డిపరకలు కనబడితే, పిల్లలు ఎగిరిపోయేదాకా ఆగమనండి. వీలైతే, అలాగే వదిలేయమనండి.