తోపడా బేరమాడే ముందు

చిరంజీవి వంశీకి,

నువ్వు పంపిన ఫొటోలు చూశాను. స్టాన్లీ బెయిలీ 5వ నంబరు తోపడా, అనుమానం లేదు. నువ్వుండే హార్ట్‌ఫర్డ్‌కి ఆ కంపెనీ పుట్టిన న్యూ బ్రిటన్ పక్కూరే కదా, పాత సామాన్ల సంతల్లో ఇలాంటివి చాలా తగులుతాయి. తొందరపడకు.

అమ్మేవాడు "1910 నాటిది" అన్నాడంటే, వెనక పిడికి ముందు పోతలోనే పడ్డ తేదీలు చదివి ఉంటాడు. అక్కడ మూడుంటాయి: 1902వి రెండు, 1910ది ఒకటి. అవి పేటెంట్ల తేదీలు, తోపడా పోసిన తేదీలు కావు. సేకరించేవాళ్లు దీన్ని 'టైపు 11' అని, 1910-1918 మధ్య వేస్తారు. ఈ టైపుల లెక్క కంపెనీది కాదు, తర్వాతివాళ్లు కట్టుకున్నది. ఏడాది అటూ ఇటూ అని ఎవరితోనూ వాదనకు దిగకు.

ఇక బ్లేడు మీద బిగించే లివర్ క్యాప్ చూడు. దాని కంత జీడిపప్పులా వంపు తిరిగింది. ఆ వంపు 1933లో వచ్చింది. బ్లేడు మీద గుండె గుర్తుంది, అది 1920-1935 నాటి ముద్ర. అంటే ఒంటికి ఒక కాలం, తలకి ఒక కాలం! మోసమనుకోకు. నూరి నూరి అరిగిన బ్లేడుని ఏ వడ్రంగైనా మారుస్తాడు. చిత్రిక పట్టడానికి ఇది నిక్షేపంలా పనికొస్తుంది, కానీ అలమారలో పెట్టుకునే సరుకు ధర మాత్రం ఇవ్వకు.

తుప్పు వదులుతుంది. పగులు వదలదు. బ్లేడు తీసేసి, అడుగుని వెలుతురుకి ఎత్తి, పొట్టు బయటికొచ్చే నోటి నాలుగు మూలలా గోరు పెట్టి లాగి చూడు, రెండు పక్క చెక్కిళ్లు కూడా. సన్నటి పసుపుపచ్చ గీత కనిపిస్తే ఎవరో ఇత్తడితో అతికారని అర్థం. అది నాకు ఊరికే ఇచ్చినా వద్దు.

కొంటే మాత్రం విప్పిన మరలు డబ్బాలో వేసుకో. వాటి చుట్లు స్టాన్లీ సొంతవి, హార్డ్‌వేర్ దుకాణంలో దొరికే మరలు వాటికి సరిపోవు. 1వ నంబరు తోపడా చౌకగా ఉందని ఎవరైనా చూపిస్తే బేరం చేయకుండా ముందు నాకు ఫోన్ చెయ్యి. వాటికి నకిలీలున్నాయి.

మీ పిన్ని అడిగినట్టు చెప్పమంది.

బాబాయి