పరిపాలనలో కృత్రిమ మేధ

వెనుకటి రికార్డులలోని పోలికలను గ్రహించి, వాటిని బట్టి కొత్త విషయాన్ని అంచనా వేయగల కంప్యూటరు విధానమే కృత్రిమ మేధ. వేలాది దరఖాస్తులను స్వల్పకాలంలో పరిశీలించగలదు గనుక ప్రభుత్వాలు దీనిని ఆదరిస్తున్నాయి. అయితే వేగం వేరు, న్యాయం వేరు.

ఇందుకు నెదర్లాండ్స్ ఉదంతమే నిదర్శనం. శిశుసంరక్షణకై తల్లిదండ్రులకిచ్చే భత్యంలో మోసాలను పసిగట్టుటకు అక్కడి పన్నుల శాఖ 2013 నుండి ఇట్టి విధానాన్ని వాడింది. దరఖాస్తుదారు ఆ దేశ పౌరుడా, కాడా అన్నది కూడా అనుమానానికొక కొలబద్ద అయింది. యంత్రం అనుమానించిన దరఖాస్తు అధికారి బల్ల మీదికి చేరేది. కారణమేమో ఆ అధికారికే తెలిసేది కాదు. స్వల్ప లోపాలకు సైతం భత్యమంతా తిరిగి కట్టమన్నారు. వేలాది కుటుంబాలు అప్పులపాలైనాయి. తుదకు 2021 జనవరి 15న మంత్రివర్గమే రాజీనామా చేసింది.

దోషం యంత్రానిది మాత్రమే కాదు. కారణమడుగక దానిని అనుసరించిన కార్యాలయానిది కూడా. రేషను, పింఛను వంటి సేవలలో యంత్రం సలహా ఇవ్వవచ్చును. నిర్ణయం మాత్రం సంతకం చేసే మనిషిదై ఉండాలి. నిరాకరించినచో కారణాన్ని దరఖాస్తుదారుకు అతని భాషలోనే తెలపాలి. అప్పీలు వినే అధికారి ఉండాలి. రేపు ఆ కుర్చీలలో కూర్చుండబోయే విద్యార్థులారా, “కంప్యూటరు అట్లా చెప్పింది” అన్నది జవాబు కాదని గుర్తుంచుకొనండి.