విండోలో అమరిక

‘రద్దు’ అనే బటన్ ఎత్తును, స్థానాన్ని ప్రోగ్రామరు పిక్సెళ్ల లెక్కలో ముందే నిర్ణయిస్తే, ఆంగ్ల అక్షరాలకు సరిపోయిన ఆ ఎత్తు తెలుగుకు చాలకపోవచ్చు. దకారపు ఒత్తు తెగిపోయి ‘రదు’ మిగులుతుంది. చూపు మందగించి అక్షరాలను పెద్దవి చేసుకొనేవారికీ ఇదే చిక్కు.

1996లో వెలువడిన జావా వేర్వేరు కంప్యూటర్లపై నడవవలసిన భాష. అందుచేత ఈ బాధ్యతను అది లేఅవుట్ మేనేజరుకు అప్పగించింది. ఈ మేనేజరు ప్రతి బటన్‌కూ ఎంత చోటు కావాలో తెలుసుకొని, విండోలోని స్థలాన్ని బట్టి కొలతలు నిర్ణయిస్తుంది. విండో పరిమాణం మారిన ప్రతిసారీ మళ్లీ లెక్క వేస్తుంది. ఫ్లోలేఅవుట్ బటన్లను వాక్యంలోని పదాల వలె పేర్చి, చోటు చాలనప్పుడు తరువాతి వరుసకు దింపుతుంది. గ్రిడ్‌లేఅవుట్ గళ్లన్నిటినీ సమానం చేస్తుంది. కాలిక్యులేటరుకు అది చక్కగా అమరుతుంది. అయితే ఒక్క బటన్‌పై పొడవైన మాట ఉన్నా తక్కినవన్నీ దానితోపాటు సాగవలసిందే!