ఆరు చానళ్ల నుంచి మాటను వేరుచేసే కొలువు

థియేటర్‌లో ఆరు చానళ్ల 5.1 శబ్దం మన చుట్టూ తిరుగుతుంది. ఆ శబ్దం ఉన్న ఫైలు సబ్‌టైటిల్ రాసేవారికో, మాటను అక్షరాల్లోకి మార్చే సాఫ్ట్‌వేర్‌కో వెళ్లాలంటే ఆ హంగులేవీ అక్కర్లేదు, మాట ఒక్కటి స్పష్టంగా ఉంటే చాలు. ఆ మాటను చెడకుండా తీసి చిన్న ఫైలుగా అందించే పని డబ్బింగ్, సబ్‌టైటిలింగ్, ట్రాన్స్‌క్రిప్షన్ చేసే చోట్ల, స్పీచ్ డేటా తయారుచేసే చోట్ల అవసరమవుతుంది. ఏ డిగ్రీ చదివినవారైనా ఓపికగా చెవిపెట్టి వినగలిగితే నేర్చుకోవచ్చు.

ముందు సైజు సంగతి చూడండి. 48 కిలోహెర్ట్జ్, 24 బిట్‌లో ఉన్న ఆరు చానళ్ల వేవ్ ఫైలు గంటకు దాదాపు 3.1 జీబీ ఉంటుంది. దాన్నే 16 కిలోహెర్ట్జ్, 16 బిట్ మోనోగా మారిస్తే 115 ఎంబీకి దిగుతుంది. ఓపస్ ఫార్మాట్‌లో 24 కేబీపీఎస్‌కు కుదిస్తే 11 ఎంబీ కూడా దాటదు. ఒకప్పుడు మాటల కోసమే తయారైన స్పీక్స్ అనే ఫార్మాట్ ఉండేది. 2012లో ఓపస్ ప్రమాణంగా వచ్చాక, స్పీక్స్‌ను రూపొందించినవాళ్లే ఓపస్ వాడమంటున్నారు. కాబట్టి కొత్తగా నేర్చుకునేవారు ఓపస్‌తో మొదలుపెట్టండి.

అసలు పనితనం తెలిసేది చానళ్ల దగ్గరే. ఎడమ, కుడి, సెంటర్, వెనక రెండు సరౌండ్లు, బాస్ కోసం ఎల్‌ఎఫ్‌ఈ: ఈ ఆరింటిలో సంభాషణ ఎక్కువగా సెంటర్‌లోనే ఉంటుంది. చాలామంది ఆరింటినీ ఒక్కసారిగా మోనోలో కలిపేస్తారు. అప్పుడు మాట సంగీతం కింద పడిపోతుంది. అదే శబ్దం సరౌండ్లలో కాస్త ఆలస్యంగా ఉంటే, కలిపాక గొంతు డొల్లగా వినిపిస్తుంది. అందుకే ముందు సెంటర్‌ను విడిగా తీసి వినాలి. పక్కనుంచి పిలిచిన పాత్ర గొంతు అందులో లేకపోతే ఎడమ, కుడి చానళ్లను తక్కువ స్థాయిలో జోడించాలి. ఇక్కడ ఇంకో చిక్కుంది. మామూలు వేవ్ ఫైలులో సెంటర్ మూడో చానల్. సినిమా మిక్సింగ్‌లో వాడే వరసలో రెండోది. పేర్లు లేని ఫైలు వస్తే ఒక్కో చానల్‌నూ విని తేల్చుకోవడమే.

తర్వాత శాంప్లింగ్ రేటు, అంటే సెకనుకు శబ్దాన్ని ఎన్నిసార్లు కొలుస్తామన్నది. 8 కిలోహెర్ట్జ్‌కు దించితే 4 కిలోహెర్ట్జ్ పైనున్న ధ్వని అంతా పోతుంది. 'స'లోని ఊదుడు ఎక్కువగా ఉండేది అక్కడే. 'సరం' అన్నారో 'శరం' అన్నారో పట్టుకోవడం కష్టమవుతుంది. తెలుగు మాటకు 16 కిలోహెర్ట్జ్‌కు తగ్గకండి. నాయిస్ రిడక్షన్ కూడా అతిగా వేయకండి, హల్లులు అరిగిపోతాయి.

ఈ పనులకు వాడే ఎఫ్‌ఎఫ్‌ఎంపెగ్, ఆడాసిటీ సాఫ్ట్‌వేర్లు రెండూ ఉచితమే. వందల ఫైళ్లు ఒకేసారి మార్చడానికి కాస్త పైథాన్ వస్తే మీ విలువ పెరుగుతుంది. ఈసీఈ విద్యార్థులకు శాంప్లింగ్ పాఠాలు ఎలాగూ తెలుసు. శబ్దాన్నే వృత్తిగా తీసుకోవాలనుకుంటే పుణెలోని ఎఫ్‌టీఐఐ, కోల్‌కతాలోని ఎస్‌ఆర్‌ఎఫ్‌టీఐ అనే సినిమా విద్యాసంస్థల కోర్సులు చూడండి. పరిశోధన వైపు వెళ్లాలంటే ట్రిపుల్‌ఐటీ హైదరాబాద్, ఐఐటీ మద్రాస్‌లోని ఏఐ4భారత్ ఉన్నాయి. 2022లో మొదలైన భాషిణి భారతీయ భాషల టెక్నాలజీకి కేంద్ర ప్రభుత్వ కార్యక్రమం. ఇలాంటి చోట్ల తెలుగు మాట సరిగ్గా వినబడిందో లేదో తెలుగువాళ్లే చెప్పగలరు. నా దృష్టిలో మన యువతకున్న అసలైన బలం ఇదే.

ఉద్యోగానికి వెళ్లేముందు ఒక నమూనా సిద్ధం చేసుకోండి. సినిమా ఫైళ్లు వాడొద్దు, కాపీరైట్ సమస్య వస్తుంది. మీ ఇంట్లోవాళ్ల మాటలు రికార్డు చేసి, వాటిని సెంటర్‌లో, మీ వీధి చప్పుళ్లను మిగతా చానళ్లలో పెట్టి 5.1 ఫైలు చేయండి. దాన్ని రెండు విధాలుగా మార్చండి: అన్నీ కలిపి ఒకటి, సెంటర్‌ను ఎంచుకుని ఇంకొకటి. ఈ రెండు ఫైళ్లనూ, ఏ సెట్టింగ్ ఎందుకు పెట్టారో చెప్పే అరపేజీ వివరణనూ మీ దరఖాస్తుకు జతచేయండి.