‘బీరే కదా’ అని వదిలేయొచ్చా?

ప్రశ్న: మా అబ్బాయికి పదహారేళ్లు. స్నేహితుడి పుట్టినరోజుకెళ్లి బీరు తాగొచ్చాడు. ‘బీరే కదా’ అంటున్నారు మావారు. నాకేమో భయంగా ఉంది.

జవాబు: ఈ తల్లి భయం సబబే. 8 శాతం ఆల్కహాలున్న 650 మిల్లీలీటర్ల స్ట్రాంగ్ బీరు సీసా ఖాళీ చేస్తే, 30 మిల్లీలీటర్ల విస్కీ పెగ్గులు నాలుగు తాగినట్టే.

పదహారేళ్లకు మీసాలొస్తాయి గానీ మెదడు ఎదుగుదల పూర్తవదు. తొందరపాటుకు కళ్లెం వేసే ముందుభాగం పాతికేళ్ల దాకా ఎదుగుతూనే ఉంటుంది. కొత్త పాఠాన్ని గుర్తుంచుకునే హిప్పోక్యాంపస్‌నూ మద్యం దెబ్బతీస్తుంది. 15 ఏళ్లలోపు మొదలుపెట్టినవాళ్లు వ్యసనంలో చిక్కుకునే ముప్పు, ఇరవై దాటాక మొదలుపెట్టినవాళ్ల కన్నా చాలా ఎక్కువ. రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ 21 నిండనివారికి మద్యం అమ్మకూడదు.

పిల్లలు మారరన్నది మాత్రం అబద్ధం. ఐస్‌లాండ్‌లో 1998లో 15, 16 ఏళ్లవారిలో 42 శాతం మంది అంతకుముందు నెలలో మత్తెక్కేలా తాగినవారే. 2016కి అది 5 శాతానికి దిగింది. ఆటలు, సంగీతం, సాయంత్రాలు అమ్మానాన్నలతో గడపడం అక్కడ బాగా పనిచేశాయి.

కొడుకును ఇప్పుడు కొట్టొద్దు, తిట్టొద్దు. మత్తు పూర్తిగా దిగాక తండ్రీ తల్లీ ఒకే మాట మీద ఉండి అడగాలి: ఎవరు తెచ్చారు, ఇంటికి బండి ఎవరు నడిపారు?

ఎప్పుడైనా తాగి స్పృహ తప్పితే పక్కకు తిప్పి పడుకోబెట్టి, వెంటనే 108కి ఫోన్ చేయాలి. వెల్లకిలా ఉంచితే వాంతి ఊపిరికి అడ్డుపడుతుంది. అలవాటు ముదురుతోందనిపిస్తే ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయవాణి టెలీ మానస్ 14416లో తెలుగులోనే, ఉచితంగా మాట్లాడొచ్చు.